'ది డాక్టర్' చిత్రాన్ని కాన్వాస్ మీద ప్రింట్ చేయించుకోవడం ఎలా? మొదటి నుంచి చివరిదాకా

కొత్తగా క్లినిక్ పెట్టిన మేనల్లుడికో, రిటైరవుతున్న ఫ్యామిలీ డాక్టరుకో మంచి కానుక ఇవ్వాలనుకున్నప్పుడు చాలామందికి గుర్తొచ్చే బొమ్మ ఒకటుంది. రెండు కుర్చీలు దగ్గరికి జరిపి వేసిన పక్క మీద జబ్బుపడ్డ బిడ్డ. పక్కనే ముందుకు వంగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆ బిడ్డనే చూస్తూ కూర్చున్న డాక్టరు. ఇంగ్లండ్ చిత్రకారుడు ల్యూక్ ఫైల్డ్స్ 1891లో వేసిన 'ది డాక్టర్' అది.

ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే కొన్ని రోజుల్లో ఇంటికొచ్చేస్తుంది. డబ్బా విప్పి చూస్తే మాత్రం చాలాసార్లు నిరాశే. మధ్యలో ఒక పసుపుపచ్చ మరక, చుట్టూ నల్లటి ముద్ద, వెనకాల నిలబడ్డ తండ్రి ఉన్నాడో లేడో కూడా తెలియదు. దీనికి సగం కారణం ఫైలు, మిగతా సగం అడగాల్సినవి అడక్కపోవడం. కాస్త ఓపిక చేసుకుంటే మన ఊళ్లోనే, మామూలు ఫొటో ల్యాబ్‌లోనే, చూసినవాళ్లు దగ్గరికి వచ్చి నిలబడేలా చేయించుకోవచ్చు.

1. ముందు బొమ్మను తీరిగ్గా చూడండి

ప్రింటింగ్ గురించి చెప్పమంటే బొమ్మ గురించి చెబుతున్నానేంటి అనుకోకండి. ఎక్కడ ఏముందో తెలియకపోతే షాపులో ఏది పోయిందో కనిపెట్టలేరు.

ఈ చిత్రంలో రెండు వెలుగులున్నాయి. ఎడమవైపు బల్ల మీద దీపం. కాంతి బిడ్డ మీద పడేలా దాని షేడ్ వంచి ఉంటుంది. పసుపు, నారింజ కలిసిన ఆ వెచ్చటి వెలుగే బిడ్డ ముఖాన్నీ డాక్టరు ముఖాన్నీ చూపిస్తుంది. కుడివైపు ఒక కిటికీ. అందులోంచి అప్పుడే తెల్లవారుతున్న చల్లటి వెలుగు సన్నగా లోపలికి వస్తోంది. ఆ పక్కనే తల్లి బల్ల మీద తల వాల్చేసి ఉంది. ఆమె భుజం మీద చెయ్యి వేసి తండ్రి డాక్టరు వైపే చూస్తున్నాడు. రాత్రంతా గడిచింది, గండం గట్టెక్కబోతోందన్న మొదటి ఆశ తెల్లవారే ఆ వెలుగుతో వస్తోంది. ఫైల్డ్స్ ఈ చిత్రం గురించి చెప్పింది కూడా ఇదే.

అంటే దీపం వెచ్చగా, కిటికీ చల్లగా, రెండూ వేటికవి కనిపిస్తేనే ఇందులో కథ ఉన్నట్టు. మొత్తం పసుపైపోయినా, మొత్తం నీలమైపోయినా కథ పోయినట్టే. కింద చెప్పబోయే సైజు, రంగు, వార్నిష్, గోడ మీద లైటు అన్నీ ఈ రెండు వెలుగుల్ని కాపాడుకోవడానికే.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, 1877 క్రిస్మస్ రోజున ఫైల్డ్స్ పెద్దకొడుకు ఫిలిప్ చిన్నవయసులోనే చనిపోయాడు. ఆ బిడ్డకి వైద్యం చేసిన డాక్టర్ ముర్రే చూపిన శ్రద్ధ తండ్రి మనసులో నిలిచిపోయింది. చాలా ఏళ్ల తర్వాత, చక్కెర వ్యాపారంలో కోట్లు గడించిన హెన్రీ టేట్ 'ఏదైనా పెద్ద చిత్రం వేసివ్వండి' అని అడిగినప్పుడు ఫైల్డ్స్ ఈ విషయాన్ని ఎంచుకున్నాడు. పేదవాళ్ల గుడిసె లోపలి భాగాన్ని లండన్‌లోని తన స్టూడియోలోనే సెట్‌లా కట్టించుకుని మరీ వేశాడు. ఆ తర్వాత టేట్ తన చిత్రాలను దేశానికి ఇచ్చేశాడు. అందుకే ఇది ఇప్పుడు లండన్‌లోని టేట్ గ్యాలరీ సొత్తు.

1947లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌కి వందేళ్లు నిండిన సందర్భంగా అక్కడి తపాలా శాఖ ఇదే బొమ్మతో 3 సెంట్ల స్టాంపు వేసింది. 1949లో అదే అసోసియేషన్, ప్రెసిడెంట్ ట్రూమన్ తేవాలనుకున్న జాతీయ ఆరోగ్య బీమాకి వ్యతిరేకంగా ఈ బొమ్మనే పోస్టర్లకెక్కించింది. ఫీజు కట్టే స్తోమత లేని ఇంట్లో రాత్రంతా కూర్చున్న డాక్టరు బొమ్మను అందుకు వాడారంటే నాకు ఇప్పటికీ విడ్డూరంగానే ఉంటుంది.

2. హక్కుల సంగతి

మన దేశంలో చిత్రకారుడు చనిపోయిన 60 ఏళ్లకి కాపీరైట్ తీరిపోతుంది. ఫైల్డ్స్ చనిపోయింది 1927లో. కాబట్టి చిత్రం వరకూ ఇబ్బంది లేదు. కానీ మీరు దించుకునే ఫొటో ఫైలుకి ఆ వెబ్‌సైట్ పెట్టుకున్న షరతులు వేరే ఉండొచ్చు. ఇంట్లో పెట్టుకోవడానికీ అమ్ముకోవడానికీ తేడా ఉంటుంది. వ్యాపారంగా ప్రింట్లు వేసి అమ్మాలనుకుంటే ఆ షరతులు చదివాకే మొదలుపెట్టండి.

ఇదే తరహాలో పికాసో 15 ఏళ్ల వయసులో, 1897లో వేసిన 'సైన్స్ అండ్ చారిటీ' కూడా చాలామంది అడుగుతారు. మంచం పక్కన నాడి చూస్తున్న డాక్టరు, అటువైపు బిడ్డనెత్తుకున్న సన్యాసిని. పాత బొమ్మేగా అనుకుంటారు. కానీ పికాసో 1973లో చనిపోయాడు. కాబట్టి 2033 చివరిదాకా మన దగ్గర కూడా దానికి హక్కులుంటాయి. చూడాల్సింది బొమ్మ వేసిన ఏడాది కాదు, వేసినాయన పోయిన ఏడాది.

వేరే చిత్రాలు కూడా ఉన్నాయి కదా అంటే ఉన్నాయి. రెంబ్రాంట్ 1632లో వేసిన డాక్టర్ టుల్ప్ అనాటమీ పాఠం, థామస్ ఈకిన్స్ 1875లో వేసిన 'ది గ్రాస్ క్లినిక్' రెండూ గొప్పవే, రెండింటికీ హక్కుల గొడవ లేదు. అయితే ఒకదాంట్లో కోసిన శవం, రెండోదాంట్లో సర్జన్ చేతికి నెత్తురు. అనాటమీ ప్రొఫెసరు గారికో సర్జన్‌కో ఇస్తే మురిసిపోతారు. పేషెంట్లు కూర్చునే చోట మాత్రం వద్దు.

3. ఫైలు: సగం పని ఇక్కడే

ఇంటర్నెట్‌లో ఈ చిత్రం పేరుతో దొరికేవన్నీ ఒకటి కాదు. కొన్ని అసలు చిత్రం ఫొటోలు. కొన్ని ఆ కాలంలో అమ్మిన నలుపు తెలుపు ముద్రణలకి ఎవరో తర్వాత రంగులద్దినవి. ఇంకొన్ని పుస్తకంలోంచి స్కాన్ చేసినవి, పెద్దది చేసి చూస్తే సన్నటి చుక్కల వరసలు కనిపిస్తాయి. చుక్కలుంటే ఆ ఫైలు వదిలేయండి.

ఫైలు తెరిచి మూడుచోట్ల నూరు శాతం సైజులో చూడండి. డాక్టరు గడ్డంలో వెంట్రుకల గీతలు విడివిడిగా తెలియాలి. తండ్రి ముఖం చీకట్లో ఉన్నా కళ్లు ఎటు చూస్తున్నాయో కనిపెట్టగలగాలి. దీపం దగ్గర తెల్లటి మచ్చలా కాలిపోకుండా లేత పసుపులో ఛాయలుండాలి. ఈ మూడూ ఉంటే మంచి ఫైలు దొరికినట్టే.

ఇక పిక్సెళ్ల లెక్క. కాన్వాస్ గరుకుగా ఉంటుంది కాబట్టి ఫొటో పేపరు మీదలా అంగుళానికి 300 పిక్సెళ్లు అక్కర్లేదు. 150 ఉంటే హాయిగా సరిపోతుంది. నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసే గోడైతే 100తో కూడా నెట్టుకురావచ్చు. 24 అంగుళాల ఎత్తు, 35 అంగుళాల వెడల్పు ప్రింట్‌కి 150 చొప్పున 3600 × 5250 పిక్సెళ్లు కావాలి. అదే 100 చొప్పున అయితే 2400 × 3500. అంతకంటే చిన్న ఫైలుంటే ప్రింట్ సైజు తగ్గించుకోవడమే మర్యాద.

ఇక్కడ చాలామంది ఏఐతో ఫైలును పెద్దది చేసేద్దామనుకుంటారు. పూలబొమ్మకైతే ఫర్వాలేదేమో. ఈ బొమ్మకి వద్దు. ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నదాన్ని పెద్దది చేసి ఊరుకోదు, లేనిదాన్ని ఊహించి గీసేస్తుంది. కుంచె గీతలు పోయి బిడ్డ చెంపలు మైనంలా నున్నగా తేలతాయి, డాక్టరు చూపు ఎటో మారిపోతుంది. బొమ్మంతా నిలబడిందే ఆ చూపు మీద.

ఇంకోమాట. ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దు. 'అన్నా, వాట్సాప్‌లో పెట్టేశా చూడు' అన్నారంటే అప్పటికే పిక్సెళ్లలో చాలా భాగం పోయి ఉంటాయి. డాక్యుమెంట్‌గా పంపండి. లేదంటే డ్రైవ్ లింకో పెన్‌డ్రైవో ఇవ్వండి.

4. సైజు: 'కొంచెం కట్ అవుద్ది సార్' అంటే ఒప్పుకోవద్దు

అసలు చిత్రం దాదాపు 166 సెంటీమీటర్ల ఎత్తు, 242 సెంటీమీటర్ల వెడల్పు. ఎత్తు 1 అనుకుంటే వెడల్పు 1.45. తేలిగ్గా చెప్పాలంటే ఎత్తును 1.45తో గుణిస్తే మీకు కావాల్సిన వెడల్పు వస్తుంది.

20 అంగుళాల ఎత్తుకి 29 వెడల్పు. 24కి 35. 30కి 43న్నర. 36కి 52 పైచిలుకు.

షాపుల్లో రెడీగా ఉండేవి 24 × 36, 30 × 40 లాంటి సైజులు. 24 × 36లో పట్టించాలంటే ఎత్తులో ముప్పావు అంగుళం దాకా కోత పడుతుంది. పైన చీకటి దూలాల దగ్గర పోయేలా చూసుకుంటే ఎవరికీ తెలియదు. 30 × 40 మాత్రం పనికిరాదు. అందులో వెడల్పు మూడున్నర అంగుళాలు పోతుంది. ఎడమవైపు కోస్తే దీపానికి ముప్పు, కుడివైపు కోస్తే కిటికీకి. అంటే ఆ రెండు వెలుగుల్లో ఒకదాన్ని పారేసుకుంటున్నాం. కొన్ని షాపులు కోయకుండా సాగదీసి ఇచ్చేస్తాయి. అది ఇంకా ఘోరం, డాక్టరు బక్కచిక్కి పొడుగ్గా తయారవుతాడు. చెక్క ఫ్రేము మనం చెప్పిన కొలతకి కోయించడం పెద్ద పనేం కాదు, కాబట్టి 'నాకు 24 బై 35 కావాలి, కోత లేకుండా' అని కాగితం మీద రాసివ్వండి.

ఎంత పెద్దది తీసుకోవాలి? నా సలహా 24 × 35కి తగ్గొద్దు. ఆ సైజులోనే బొమ్మ ఎత్తు అసలు దాంట్లో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. ఇంకా తగ్గితే వెనకున్న తల్లిదండ్రులు చీకట్లో కలిసిపోతారు.

5. అంచులు

కాన్వాస్‌ను చెక్క ఫ్రేముకి చుట్టి వెనకాల పిన్నులు కొడతారు. ఫ్రేము మందం ఒకటిన్నర అంగుళం ఉంటే, పక్కలకి చుట్టడానికీ వెనక్కి మడవడానికీ నాలుగు వైపులా ఇంకో రెండు అంగుళాలైనా అదనపు బట్ట కావాలి. ఆ పక్క భాగంలో ఏం ప్రింట్ చేయాలన్నదే ప్రశ్న.

మామూలుగా షాపువాళ్లు బొమ్మనే పక్కలకి పారిస్తారు. అలా చేస్తే దీపం ఉన్న అంచు గోడవైపు మళ్లిపోతుంది. అంచు దగ్గరి బొమ్మను అద్దంలోలా తిరగేసి పక్కలకి వేసే పద్ధతి ఇంకొకటుంది, అది నయం. నాకైతే అన్నిటికంటే నచ్చేది పక్కలకి ఒకే ముదురు గోధుమ రంగు వేయించడం. బొమ్మ మొత్తం ముందుభాగంలోనే ఉంటుంది, పక్క నుంచి చూసినా పాత చట్రంలా హుందాగా ఉంటుంది.

ప్రింటర్‌లో వేసే కాన్వాస్ రోల్ వెడల్పు కూడా అడగండి. 24, 36, 44 అంగుళాల రోల్స్ మామూలుగా ఉంటాయి. 24 × 35 బొమ్మకి అంచులతో కలిపి 28 × 39 అవుతుంది, అంటే 24 రోల్ చాలదు, 36 కావాలి.

6. రంగులు సరిచేయడం

ప్రింట్ నల్లగా వచ్చిందని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి కారణం ప్రింటరు కాదు, మన స్క్రీన్. ఫోన్‌లో బ్రైట్‌నెస్ ఫుల్లుగా పెట్టుకుని చూసిన బొమ్మ వెనక నుంచి వెలుగుతూ ఉంటుంది. కాన్వాస్‌కి అలాంటి వెలుగు లేదు, గదిలో లైటు ఎంతుంటే అంతే. పైగా మ్యాట్ (మెరుపు లేని) కాన్వాస్ మీద ఇంకు ఫొటో పేపరు మీదంత చిక్కటి నలుపు ఇవ్వదు. దాంతో చీకటి భాగాల్లోని సన్నటి తేడాలన్నీ కలిసిపోయి ముద్దవుతాయి. సగం పైగా చీకటే ఉన్న ఈ బొమ్మకి అది ప్రాణాంతకం.

ముందుగా కంప్యూటర్ స్క్రీన్ పక్కన ఒక తెల్లకాగితం పట్టుకుని, స్క్రీన్‌లోని తెలుపు దానికి దగ్గరయ్యేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. ఇప్పుడు బొమ్మ తెరిస్తే అది ఎంత చీకటిగా ఉందో తెలుస్తుంది. ఫొటోషాప్ ఉంటే సరే, లేకపోతే ఉచితంగా దొరికే గింప్ చాలు. వెలుగునీడల్ని సరిచేసే కర్వ్స్ అనే ఆప్షన్ తెరిచి, గీతలో కింది పావు భాగాన్ని కొద్దిగా పైకి లేపండి. పై సగాన్ని కదపొద్దు, అందులో దీపం ఉంది. తండ్రి కోటుకీ వెనక గోడకీ మధ్య గీత కనిపించిందా, అక్కడితో ఆగండి. ఇంకా లేపితే చీకటి బూడిదరంగులోకి దిగి రాత్రి కాస్తా మధ్యాహ్నమైపోతుంది.

ఆటో కలర్, ఆటో వైట్ బ్యాలెన్స్ బటన్ల జోలికి వెళ్లొద్దు. అవి దీపం పసుపును తప్పు అనుకుని సరిచేసేస్తాయి. షాపులో కుర్రాడు అలవాటుగా ఆ బటన్ నొక్కే అవకాశం ఉంది కాబట్టి 'కలర్ కరెక్షన్ ఏమీ చేయొద్దు, ఫైలు ఎలా ఉందో అలాగే వెయ్యి తమ్ముడూ' అని ముందే చెప్పండి.

కాస్త పెద్ద ల్యాబ్ అయితే వాళ్ల ప్రింటర్‌కీ ఆ కాన్వాస్‌కీ సరిపోయే కలర్ ప్రొఫైల్ (ఆ ప్రింట్‌లో ఏ రంగు ఎలా వస్తుందో చెప్పే) ఫైలు అడిగితే ఇస్తారు. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టి సాఫ్ట్ ప్రూఫ్, అంటే స్క్రీన్ మీదే ప్రింట్ నమూనా, చూసుకుంటే ఏ రంగు ఎంత చచ్చిపోతుందో ప్రింట్‌కి ముందే తెలుస్తుంది. ఇవ్వకపోతే ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో, కంప్రెషన్ లేని టిఫ్‌గానో అత్యధిక క్వాలిటీ జేపెగ్‌గానో ఇచ్చేయండి. షార్ప్‌నెస్ మామూలు కన్నా ఒక పిసరు ఎక్కువ పెట్టుకోవచ్చు, కాన్వాస్ నేత కొంత మింగేస్తుంది.

7. టెస్ట్ ముక్క

ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. మొత్తం బొమ్మ వేయించే ముందు, అసలు సైజులోనే, కొన్ని అంగుళాల ముక్కలు రెండు వేయించండి. బొమ్మను చిన్నది చేసి వేయించొద్దు, అందులో ఏమీ తెలియదు. మొదటి ముక్కలో దీపమూ డాక్టరు ముఖమూ రావాలి. రెండోదాంట్లో తండ్రి ముఖమూ కిటికీ అంచూ.

ఆ ముక్కల్ని షాపు ట్యూబ్‌లైటు కింద చూసి తీర్పు చెప్పేయకండి. బయట నీడలోకి తీసుకెళ్లండి. వీలైతే ఇంటికి తీసుకెళ్లి, బొమ్మ పెట్టబోయే గోడకే అంటించి, రాత్రి లైటు వేసి చూడండి. డాక్టరు చెంప మీద దీపం పడ్డ చోట వెచ్చగా, దానికి అవతలి వైపు నీడ గోధుమగా ఉండాలి. నీడ ఆకుపచ్చ తిరిగితే ఇంకు ప్రొఫైల్‌లో లోపముంది. కిటికీ దగ్గర బూడిద నీలం ఛాయ తెలియాలి, అదీ పసుపు పులుముకుంటే ఎవరో రంగులు మార్చారన్నమాట. తండ్రి ముఖం కనిపించకపోతే మళ్లీ కర్వ్స్ దగ్గరికి వెళ్లి ఇంకొక్క పిసరు లేపి మరో ముక్క వేయించండి. టెస్ట్ ముక్కకయ్యే ఖర్చు కాన్వాస్ మొత్తం పారేసుకోవడం కన్నా తక్కువే.

8. కాన్వాస్, ఇంకు, వార్నిష్

ఏ ఊళ్లోనైనా ఫ్లెక్సీ షాపు ఉంటుంది, వాళ్లూ కాన్వాస్ వేస్తామంటారు. సాల్వెంట్ ఇంకుతో వేసే పెద్ద మెషిన్లు అవి. కాస్త దూరం నుంచి చూసే బోర్డులకి బాగుంటాయి కానీ ఈ బొమ్మలోని నీడలకి పిగ్మెంట్ (సన్నటి రంగు పొడితో చేసిన) ఇంకు వాడే ఫొటో ల్యాబ్ మెషినే మేలు. ఎనిమిది, పది, పన్నెండు రంగుల ఇంకులుంటాయి, అందులో బూడిదరంగులు విడిగా ఉంటాయి. చీకట్లో తేడాలు పలికేది వాటివల్లే. 'పిగ్మెంటా, డై ఇంకా?' అని అడగండి. డై అయితే వెలుతురుకి త్వరగా వెలిసిపోతుంది.

బట్ట విషయానికొస్తే కాటన్, పాలియెస్టర్, రెండూ కలిపింది దొరుకుతాయి. చదరపు మీటరుకి 340 నుంచి 400 గ్రాముల బరువున్నది తీసుకోండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు తేమ ఉన్న ఊళ్లలో పూర్తి కాటన్ కాస్త ఎక్కువ సాగుతుంది, ముడుచుకుంటుంది, అక్కడ కలిపి నేసినదే నయం. మ్యాట్ రకమే తీసుకోండి.

ప్రింట్ అయ్యాక కనీసం ఒక రోజు ఆరనిచ్చి వార్నిష్ వేయాలి. పచ్చిగా ఉండగా వేస్తే మసకబారుతుంది. నీటితో కలిపే మ్యాట్ లేదా సాటిన్ (కొద్దిపాటి మెరుపుండే) వార్నిష్ పలచగా రెండు పూతలు చాలు. బాగా మెరిసే గ్లాసీ వార్నిష్ వేస్తే నలుపు చిక్కగా కనిపిస్తుంది, నిజమే. కానీ క్లినిక్ గోడ మీద ఎదురుగా ఉన్న ట్యూబ్‌లైటు తెల్లటి గీతలా తండ్రి ముఖం మీదే పడుతుంది. సాటిన్ మధ్యేమార్గం. పూత లేకుండా ఇచ్చేస్తామంటే ఒప్పుకోకండి, వేలితో గీరితే ఇంకు లేచొస్తుంది.

9. ఫ్రేముకి బిగించడం

షాపువాళ్లే చేసిస్తారు. మీరే చేసుకోవాలనుకుంటే ఇలా.

శుభ్రమైన దుప్పటి మీద కాన్వాస్‌ను బోర్లా పరచండి. పైన ఫ్రేము పెట్టి నాలుగు వైపులా అంచు సమానంగా ఉందా కొలవండి. పొడుగు వైపు సరిగ్గా మధ్యలో ఒక పిన్ను. దానికి ఎదురు వైపు బట్టను లాగి మధ్యలో ఇంకోటి. తర్వాత పొట్టి వైపులు రెండూ అలాగే. అక్కడ్నుంచి ఒక్కో పిన్నుకీ రెండంగుళాలు వదులుతూ, ఈ వైపు ఒకటి ఆ వైపు ఒకటి, మధ్య నుంచి మూలలకి రండి. ఒకే వైపు వరసగా కొట్టుకుంటూ పోతే బొమ్మ వంకర తిరుగుతుంది. మూలల్లో బట్టను దుప్పటి మడతలా లోపలికి తోసి చదునుగా మడిచి కొట్టండి. ఒకసారి తిప్పి చూడండి, ముందువైపు నుంచి చూస్తే బల్ల అంచు నేలకి సమంగా ఉండాలి. పెయింటింగ్ కాన్వాస్‌ను బిగించినంత గట్టిగా ప్రింట్ కాన్వాస్‌ను లాగొద్దు, అంచుల మీద పూత పగిలి తెల్లటి గీతలొస్తాయి.

ఫ్రేముకి బాగా ఆరిన పైన్ చెక్క సరిపోతుంది. పచ్చి చెక్కైతే మొదటి ఎండాకాలానికే మెలికపడుతుంది. 35 అంగుళాల వెడల్పు దాటితే మధ్యలో అడ్డబద్ద పెట్టించండి. మూలల్లో చిన్న చెక్క చీలలు కొట్టే రకం ఫ్రేము అడిగి తీసుకుంటే తర్వాత వదులైనప్పుడు పనికొస్తుంది. పైన గాజు వద్దు. కాన్వాస్‌కీ చట్రానికీ మధ్య సన్నటి సందు ఉండే ఫ్లోటర్ ఫ్రేము ఈ బొమ్మకి బాగా నప్పుతుంది.

అమెరికాలో ఉన్న డాక్టరు బిడ్డలకి పంపేవాళ్లు ఫ్రేముతో పంపొద్దు. ప్రింట్ వైపు బయటికి ఉండేలా వదులుగా చుట్టి, లావుపాటి గొట్టంలో పెట్టి పంపండి. ఫ్రేము అక్కడే వేయించుకోవచ్చు. కాకపోతే అంచులకి రెండంగుళాలు కాదు, మూడంగుళాలు వదలమని చెప్పండి. అక్కడి ఫ్రేము ఎంత మందం ఉంటుందో మనకి తెలియదు కదా.

10. ఎక్కడ పెట్టాలి, ఏ లైటు వేయాలి

ఐసీయూ బయట, పిల్లల వార్డు ముందు వద్దే వద్దు. జ్వరంతో ఉన్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని టెన్షన్‌తో కూర్చున్న తల్లికి ఎదురుగా తలవాల్చేసిన ఇంకో తల్లిని చూపించడం న్యాయం కాదు. బొమ్మలో ఆశ ఉంది నిజమే, కానీ అది కనిపెట్టేంత తీరిక ఆవిడకి ఉండదు. పైగా మందునీళ్లతో రోజూ తుడవాల్సిన చోట్ల కాన్వాస్ ఉండకూడదు.

డాక్టరు గదిలో పెట్టండి. అక్కడ కూడా అందరూ డాక్టరు కుర్చీ వెనక గోడకి తగిలిస్తారు, పేషెంట్లు చూడాలని. నా మాట వింటే ఎదురు గోడకి పెట్టించండి. ఈ బొమ్మను చూడాల్సింది కుర్చీలో కూర్చున్నాయన. ఇంట్లో అయితే చదువుకునే గదో హాలో ఏదైనా బాగుంటుంది.

నిలబడి చూసే గోడైతే బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57-60 అంగుళాల ఎత్తులో ఉండాలి. కూర్చుని చూసే గదిలో ఇంకాస్త కిందకి దింపొచ్చు. మనవాళ్లకి బొమ్మల్ని దేవుడి పటాల్లా పైన కట్టే అలవాటు, అంత ఎత్తున కడితే డాక్టరు బూట్లే కనిపిస్తాయి.

లైటు దగ్గర మళ్లీ ఆ రెండు వెలుగుల సంగతికే వస్తాం. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 6500 కెల్విన్ కూల్ డేలైట్ ట్యూబ్ కింద దీపం వెచ్చదనం చచ్చిపోతుంది. బాగా పసుపుగా ఉండే 2700 బల్బు కింద కిటికీలో తెల్లవారదు. 3000 నుంచి 4000 మధ్యది, సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత ఉన్నదున్నట్టు చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నది తీసుకోండి, ఈ రెండు అంకెలూ చాలావరకు డబ్బా మీద రాసి ఉంటాయి. నేరుగా ఎదురు నుంచి కాకుండా పైనుంచి ఏటవాలుగా పడేలా బిగించండి. పగటి ఎండ పడే గోడ వద్దు, ఏసీ గాలి తగిలే చోటూ వద్దు.

పాత ఇళ్లలో, వానాకాలం చెమ్మ దిగే గోడలకి వెనక నాలుగు మూలల్లో చిన్న రబ్బరు బొడిపెలు అంటించండి, గోడకీ కాన్వాస్‌కీ మధ్య గాలి ఆడితే బూజు పట్టదు. పొడి మెత్తటి బట్టతో దుమ్ము దులపడం తప్ప ఇంకేం చేయనక్కర్లేదు. కొలిన్ లాంటివి కొట్టొద్దు. ఏడాది తిరిగేసరికి కాన్వాస్ కాస్త వదులైనట్టు అనిపిస్తే కంగారు పడి పిన్నులు పీకకండి. వెనకవైపు మూలల్లోని చీలల్ని చిన్న సుత్తితో ఒక్కోటీ రెండు దెబ్బలు సమానంగా కొడితే మళ్లీ బిగుసుకుంటుంది. కొట్టేటప్పుడు చీలకీ కాన్వాస్‌కీ మధ్య ఒక అట్టముక్క పెట్టుకోండి, సుత్తి జారినా బట్ట చిరగదు.